అర్థం అర్ధమైన నిఘంటువు: బోల్డ్ సెరిఫ్ అక్షరంతో ఒక కేసు

ఒక నిఘంటువు అచ్చక్షరాలను సరిచేసిన కథ ఇది. ప్రచురణకర్త అనుమతితో రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను. కొలతలు, పొరపాట్లు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. పొరపాట్లలో సగం నావి.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న ప్రచురణ సంస్థ ఉంది. దానికి అన్నం పెట్టేది ఒక విద్యార్థి నిఘంటువు. ముందు సగం ఇంగ్లీషు–తెలుగు, వెనక సగం తెలుగు–ఇంగ్లీషు. డెమీ సైజు, పేజీకి రెండు కాలమ్‌లు, 60 జీఎస్‌ఎం మ్యాప్లిథో, అంటే సిరా పీల్చుకునే మామూలు పుస్తకాల కాగితం. సీసపు అచ్చుల కాలంలో పుట్టిన పుస్తకం అది. ఆఫ్‌సెట్ వచ్చాక కూడా పాత పేజీలనే ఫోటో తీసి ప్లేట్లు చేయించుకుంటూ నెట్టుకొచ్చారు. ముద్రణ ముద్రణకూ అక్షరం కాస్త ఉబ్బుతూ, కాస్త అరుగుతూ వచ్చి, చివరికి పేజీ మసిగుడ్డలా తయారైంది. అందుకని ఈసారి మొత్తం యూనికోడ్‌లో కొత్తగా టైపు చేయించారు.

నమూనాకు రెండు ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టలు) అచ్చు వేశారు. ఒకటి ఇంగ్లీషు విభాగంలో ‘డి’ ముగిసి ‘ఈ’ మొదలయ్యే చోటు. రెండోది తెలుగు విభాగంలో ‘అ’. అవి చూసి సంపాదకుడు పని ఆపించారు. ఆయన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. నాకు ఫోను చేసి ఒకే మాట అన్నారు: “పేజీ అంతా నలుపే బాబూ, కావలసిన మాట మాత్రం కనబడదు.”

ఇన్నేళ్ల పనిలో ఇంత కచ్చితంగా జబ్బు చెప్పిన రోగి నాకు తగల్లేదు. అయినా ఆ మాట లోతు నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

సమస్య

నిఘంటువులో వరుసగా పేర్చే తలమాటను కోశకారులు ఆరోపం అంటారు. ఈ పుస్తకంలో ఇంగ్లీషు ఆరోపాలను బొడోని అనే పాత అక్షరం పోలికలో ఉన్న ఒక లావుపాటి సెరిఫ్ ఫాంటులో, అంటే గీతల కొసల్లో చిన్న పట్టీలున్న అక్షరంలో, పెట్టారు. నిలువు గీతలు స్తంభాల్లా ఉంటాయి, అడ్డగీతలు వెంట్రుకల్లా ఉంటాయి. తెర మీద, పెద్ద సైజులో, చూడముచ్చటైన అక్షరం. డీటీపీ చేసిన కుర్రాడు దాన్ని ఎందుకు ఎంచుకున్నాడో నాకు అర్థమైంది. ఫాంట్ల జాబితాలో అన్నిటికంటే నల్లగా కనిపించేది అదే. ఆరోపం నల్లగా ఉండాలని అతనికి చెప్పారు, నల్లనిది తెచ్చి పెట్టాడు.

అచ్చయిన ఫారాన్ని లూప్ అనే చిన్న భూతద్దం కింద పెట్టి చూశాను. ఇంగ్లీషులో చెవి అన్న మాట మొదటి అక్షరంలో సన్నటి అడ్డగీత ఒకటి ఉంటుంది. అది కాగితం మీద పడలేదు. దాంతో ‘ఈ’ కాస్తా ‘సీ’ అయింది, చెవి కాస్తా కారైంది. ‘ఈ’ అక్షరం విభాగంలో కారు ఆగి ఉంది, పక్కన అర్థం మాత్రం ‘చెవి’ అనే ఉంది.

ఎందుకలా జరిగిందో లెక్క తేల్చాను. ఆ ఫాంటులో వెంట్రుక గీత మందం అక్షర చట్రంలో వెయ్యికి సుమారు 20 వంతులు. 8 పాయింట్ల సైజులో అది 0.16 పాయింటు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. ఆఫ్‌సెట్ వాళ్లు పావు పాయింటు కంటే సన్నటి గీత పెట్టవద్దని ఊరికే చెప్పరు. పీల్చుకునే కాగితం మీద ఆ గీత కొన్ని ప్రతుల్లో పడుతుంది, కొన్నిటిలో పడదు.

ఇది ఫాంటు తప్పు కాదు, దానికి అప్పగించిన పని తప్పు. ఈ లావుపాటి జాతి పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో లండన్ టైప్ ఫౌండ్రీల్లో పుట్టింది. రాబర్ట్ థోర్న్ వంటివాళ్లు దాన్ని పోతపోసింది గోడ పోస్టర్ల కోసం, లాటరీ ప్రకటనల కోసం. అంగుళం ఎత్తున ఉన్నప్పుడు వెంట్రుక గీత కూడా గట్టి గీతే. ఆ అక్షరాన్ని 8 పాయింట్లకు కుదించడమంటే నాటకాల్లో కంఠమెత్తి పద్యం పాడే నటుణ్ని చెవిలో గుసగుసలాడమనడమే.

మొదటి ప్రయత్నం: టైమ్స్ బోల్డ్

జబ్బు దొరికిందనుకున్నాను. సన్న గీతలు విరుగుతున్నాయి కనుక విరగని బోల్డ్ పెడితే సరిపోతుంది. టైమ్స్ బోల్డ్ తీసుకున్నాను. 1932లో లండన్ దినపత్రిక ఒకదాని కోసం స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో, విక్టర్ లార్డెంట్ గీతల్లో తయారైన కుటుంబం అది. ఇరుకు కాలమ్‌లకూ వేగంగా తిరిగే యంత్రాలకూ అలవాటుపడిన అక్షరం. దాని పోస్ట్‌స్క్రిప్ట్ (కంప్యూటరు ఫాంటు) రూపంలో, అక్షర చట్రంలో వెయ్యికి ఇన్ని వంతులని లెక్కిస్తే, మామూలు అక్షరానికి నిలువు గీత ప్రమాణం 84, బోల్డ్‌కు 139. అడ్డగీతలు 28, 44. బోల్డ్ అడ్డగీత 8 పాయింట్లలో 0.35 పాయింటు వస్తుంది. విరగదు.

విరగలేదు కూడా. లేజర్ ప్రింటు తీసి మాస్టారికి పంపాను. ఆయన ఆ కాగితాలను ట్యూషన్ పిల్లలు ముగ్గురికిచ్చి, పన్నెండు మాటలు వెతకమని, నన్ను పక్కన కూర్చోబెట్టారు. నేను పిల్లల ముఖాలు చూడలేదు, వేళ్లనే చూశాను. వేలు కాలమ్ మీద జారుతూ ఎక్కడెక్కడో ఆగుతోంది. ఆరోపం దగ్గర ఆగాల్సింది అర్థం మధ్యలో ఆగుతోంది, అర్థాల వరస సంఖ్య దగ్గర ఆగుతోంది, పదబంధం దగ్గర ఆగుతోంది. ఒక పాప అయితే సరైన ఆరోపం దాటి వెళ్లిపోయి, కింద ఉన్న తెలుగు వాక్యం దగ్గర ఆగి, మళ్లీ పైకి వచ్చింది.

అక్షరం చక్కగా అచ్చవుతోంది, కానీ దాని పని అది చేయడం లేదు. మాస్టారు మొదటిరోజు చెప్పింది ఇదే. నేను ‘నలుపు’ ఒక్కటే విన్నాను, ‘కనబడదు’ అన్నది వినలేదు.

రెండో ప్రయత్నం: ఇంకా నలుపు

ఇక్కడ ప్రచురణకర్త పట్టుబట్టారు. “ఇంకొంచెం లావు చేయండి సార్, ఇంకొంచెం పెద్దది చేయండి.” కాదనడానికి నా దగ్గర అప్పటికి కారణం లేదు. ఆరోపాన్ని 9.5 పాయింట్లకు పెంచి, ఇంకా లావైన రూపం పెట్టాను. ఆరోపం ఉన్న వరుస లీడింగ్ (వరుసల మధ్య ఎడం) పక్క వరుసలతో కలవలేదు. పొడవైన మాటలు కాలమ్‌లో సగానికి పైగా ఆక్రమించాయి. మొత్తం మీద 40 పేజీలు పెరిగేట్టు లెక్క తేలింది. పేజీలు పెరిగితే ధర పెరగాలి, ధర పెంచితే పుస్తకం కదలదు. ప్రచురణకర్తే వద్దన్నారు.

ఆ మధ్యలో వాళ్లబ్బాయి కూపర్ బ్లాక్ చూపించాడు, ఇది బాగుంటుంది కదా అని. 1922లో చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన అక్షరం. సెరిఫ్‌లు కూడా నీటిలో నానిన మినుముల్లా గుండ్రంగా ఉంటాయి. నాకూ ఇష్టమే. కానీ దాని లోపలి ఖాళీలు చిన్నవి, 8 పాయింట్లలో పూడుకుపోతాయి. మిఠాయి పెట్టె మీద పెడదామని చెప్పి పంపించాను.

గీత మందం ఎవరితో పోల్చాలి?

రెండు వారాలు ఫారాన్ని గోడకు అంటించి ఉంచాను. ఒక సాయంత్రం కళ్లజోడు లేకుండా చూసినప్పుడు విషయం తట్టింది. అక్షరాలు చదవలేను కనుక మరకలు మాత్రమే కనిపించాయి. ఆరోపం మరక, అర్థం మరక దాదాపు ఒకే రంగులో ఉన్నాయి.

అర్థాలకు వాడిన తెలుగు ఫాంటు నిజానికి శీర్షికల కోసం గీసినది. మామూలు అని పేరే గానీ, గీత మందం కొలిస్తే పుస్తకంలోని సైజుకు 0.9 పాయింటు పైన వచ్చింది. టైమ్స్ బోల్డ్ నిలువు గీత 8 పాయింట్లకు 1.11 పాయింటు. నేనేమో బోల్డ్‌ను టైమ్స్ మామూలు అక్షరంతో పోల్చుకుని, 84కూ 139కూ మధ్య ఎంత తేడా అని మురిసిపోతున్నాను. ఆరోపం పక్కన కూర్చున్నది టైమ్స్ కాదు, తెలుగు. పైగా తెలుగు అక్షరంలో గీత ఎక్కడా ఆగదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. తలకట్లు పైన, వత్తులు కింద చేరి వరుసల మధ్య తెలుపును కూడా తినేస్తాయి. అంతే మందం ఉన్న ఇంగ్లీషు అక్షరం కంటే అది ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది.

దీనికి తోడు సిరా. కాగితం మీద సిరా ప్రతి గీతకూ అంచుల్లో ఒకే మోతాదులో పాకుతుంది. సన్న గీతకూ అంతే, లావు గీతకూ అంతే. కాబట్టి రెండింటి నిష్పత్తి తెర మీద కంటే కాగితం మీద ఎప్పుడూ తక్కువే. తెర మీద చాలినంత తేడా ఉందంటే అచ్చులో చాలదని లెక్క.

అలా నిర్ణయం తలకిందులైంది. ఆరోపాన్ని లావు చేయడం మానేసి అర్థాన్ని పలచన చేశాను. ఓపెన్ లైసెన్సు ఉన్న, బరువును కావలసినంత జరుపుకోగల తెలుగు ఫాంటు ఒకటి తీసుకుని, గీత 0.6 పాయింటు దగ్గర ఉండేలా పెట్టాను. దాని పేరులో సెరిఫ్ అని ఉంటుంది. తెలుగు అక్షరానికి సెరిఫ్ అంటూ ఏమీ లేదు. తలకట్టు సెరిఫ్ కాదు, అది అక్షరంలో భాగం. తెలుగులో ఆ పేరు పెడితే గీతలో లావు సన్నాల తేడా ఉందని మాత్రమే అర్థం.

బోల్డ్ వాడిన చోట్లను కూడా లెక్కపెట్టాను. ఒకే పదం కింద ఆరోపం, దాని నుంచి పుట్టిన మాటలు, అర్థాల సంఖ్యలు, పదబంధాలు, అన్నీ బోల్డే. ఊళ్లో అందరూ మైకు పట్టుకుంటే ఎవరి మాటా వినబడదు. ఆరోపానికి తప్ప అన్నిటికీ తీసేశాను. మాస్టారు పదబంధాల కోసం వాదించారు, గట్టిగానే. చివరికి వాటిని మామూలు అక్షరంలోనే ఉంచి, ముందు ఒక చిన్న గీత పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆరోపాన్ని కాలమ్ అంచు నుంచి 2 మిల్లీమీటర్లు ఎడమకు జరిపాను. ఇది సీసపు అచ్చుల ప్రతిలో ఉన్నదే, కొత్త టైపింగులో ఎవరో పోగొట్టారు.

క్లారెండన్

ఇప్పుడు బోల్డ్ ఎంపిక తేలికైంది. టైమ్స్ బోల్డ్‌నే ఉంచవచ్చు. ఉంచలేదు, ఎందుకంటే దాని మామూలు అక్షరానికీ బోల్డ్‌కూ స్వభావంలోనే దూరం ఉంది. బోల్డ్‌లో లావు సన్నాల తేడా నిట్టనిలువుగా, బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. పక్కన గుండ్రటి తెలుగు ఉన్నప్పుడు ఆ బిగువు మరీ ఎక్కువగా తెలుస్తుంది.

క్లారెండన్ వంశపు అక్షరం తీసుకున్నాను. సెరిఫ్‌లు దిమ్మల్లా ఉంటాయి, కానీ నిలువు గీతను కలిసే చోట చిన్న వంపు తిరుగుతాయి. అడ్డగీతలు కూడా బలమైనవే. మొదటి క్లారెండన్ 1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ నుంచి వచ్చింది. రాబర్ట్ బెస్లీ యజమానుల్లో ఒకడు, ఉక్కు అచ్చులు చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. అప్పటి డిజైన్ల చట్టం కింద మూడేళ్ల రక్షణకు దాన్ని నమోదు చేయించారు. గడువు తీరీ తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ నకళ్లు దించాయి. నాకు కావలసింది దాని పుట్టుక వెనకున్న ఉద్దేశం. పోస్టర్ మీద ఒంటరిగా నిలబడటానికి కాకుండా, మామూలు అక్షరాల వరుసలో ఒక మాటను ఎత్తి చూపడానికి చేసిన బోల్డ్ అది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు మొదటి కూర్పులో ఆరోపాలకు వాడింది కూడా క్లారెండనే. నూట ఎనభై ఏళ్ల కిందట ఇదే సమస్యకు ఇచ్చిన జవాబు ముందుంటే, నేను పోస్టర్ అక్షరం దగ్గరా పత్రిక అక్షరం దగ్గరా తిరిగి వచ్చాను.

సైజు 8 పాయింట్లే. అక్షరాల మధ్య కొద్దిగా ఎడం ఇచ్చాను, వెయ్యికి పది వంతులు. బోల్డ్‌లో లోపలి ఖాళీలు తగ్గుతాయి కనుక బయటి ఖాళీలు కూడా తగ్గించాలని ఫాంటు చేసేవాళ్లు అనుకుంటారు. పెద్ద సైజుకు అది నిజం. చిన్న సైజులో పక్క అక్షరాల సెరిఫ్‌లు ఒకదానికొకటి తగిలి గొలుసులా కనిపిస్తాయి.

తెలుగు సగం: నేను చేసిన తప్పు

ఇంగ్లీషు సగం దారిలో పడిందన్న ధీమాతో వెనక సగంలో తొందరపడ్డాను. ఆరోపాలకు తెలుగు బోల్డ్ కావాలి. అర్థాలకు వాడిన పలచని అక్షరానికే పేజీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో 0.3 పాయింటు అంచుగీత తగిలించి లావు చేశాను. అందరూ చేసే పనే. నమూనా పేజీలు పంపాను.

మాస్టారు నుంచి ఫోను. “ఒకే మాట రెండుసార్లు ఎందుకు పెట్టారు?”

పేజీ తీశాను. పైన ఒక ‘అర్ధం’, దానికి అర్థం ‘మీనింగ్’. నాలుగు ఆరోపాల కింద ఇంకో ‘అర్ధం’, దానికి ‘హాఫ్’. టైపింగులో తప్పు లేదు. మొదటిది ‘అర్థం’. ర కింద వేలాడే చిన్న థ వత్తులో ఉండాల్సిన బొట్టు నలుపులో మునిగిపోయింది. థకూ ధకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ బొట్టే. ‘కథ’ని ‘కధ’ అని రాసినందుకు మాస్టారు జీవితమంతా పిల్లల చెవులు మెలిపెట్టారట. ఇప్పుడు నేను అచ్చులోనే ఆ పని చేసి పెట్టాను. మాస్టారు నవ్వలేదు.

జరిగింది ఇది. అంచుగీత సగం బయటికి, సగం లోపలికి పెరుగుతుంది. బొట్టు 0.15 పాయింటు మేర బయటికి ఉబ్బింది. దాని చుట్టూ ఉన్న సున్న అంతే మేర లోపలికి ఉబ్బింది. మధ్యలోని తెలుపు రెండు వైపుల నుంచీ నలిగింది. వత్తు అసలే చిన్నది. మిగిలిన కాస్త సందును సిరా పూడ్చేసింది. ఠలోనూ ఇదే కథ, బొట్టు పోతే అది రకు దగ్గరైపోతుంది.

ఇంగ్లీషు బోల్డ్ గీసేవాళ్లు గీతను అన్ని వైపులా ఒకేలా లావు చేయరు. నిలువు గీతకు ఎక్కువ బరువిచ్చి, అడ్డగీతకు కొంచెమే ఇచ్చి, అక్షరాన్ని కాస్త వెడల్పు చేసి లోపలి తెలుపును కాపాడతారు. తెలుగులో నిలువు స్తంభం లేదు కనుక బరువు ఎక్కడ పెట్టాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. ఫాంటులోనే ఉన్న బరువైన రూపం తీసుకున్నాను, అందులో గీసినవాళ్లు ఆ పని చాలావరకు చేసి పెట్టారు. పెద్ద సైజుకు అది చాలు. నా 8.5 పాయింట్లకు చాలలేదు. లైసెన్సు మార్పులకు అనుమతిస్తుంది కనుక, పేరు మార్చి, కొన్ని అక్షరాలను నేనే సరిచేశాను.

థ, దాని వత్తు, ఠ, ఘ, ఝ, ఱ ముందు తీసుకున్నాను. సున్నల ఎడమ కుడి పక్కల్లోనే బరువు ఉంచి, పైనా కిందా సన్నం చేశాను. పెరుగుదల అంతా బయటికే. థ వత్తును వెడల్పు చేసి, బొట్టును పలచని రూపంలోని సైజుకే ఉంచాను. బొట్టుకు బోల్డ్ అక్కర్లేదు, అది ఉందో లేదో తెలిస్తే చాలు. తలకట్టు సున్నను తాకే మూలల్లో సన్నటి గాట్లు పెట్టాను, సిరా అక్కడ చేరి ఉబ్బకుండా. మాథ్యూ కార్టర్ 1978లో అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం చేసిన బెల్ సెంటెనియల్‌లో ఇవి పెద్ద పెద్ద కోతల్లా కనిపిస్తాయి. అది సెరిఫ్ లేని అక్షరం, కానీ చవక కాగితం బాధ ఇద్దరిదీ ఒకటే. ‘రాష్ట్రం’లో ష కింద ట, ర వత్తులు రెండూ చేరే చోట కింది వరుస తలకట్లకు తగులుతోందని లీడింగ్ అర పాయింటు పెంచాల్సి వచ్చింది. అర్థాలు పలచనయ్యాక పేజీలో కొంత చోటు మిగిలింది కనుక అది భారం కాలేదు.

అసలు కాగితం మీద

ఈసారి లేజర్ ప్రింటును నమ్మలేదు. అందులో పొడి కాగితం పైనే కూర్చుంటుంది, సిరాలా పాకదు. కానీ పరీక్ష కోసం ప్లేట్లు చేయించమంటే ప్రచురణకర్త ముఖం ముడుచుకున్నారు. అదే ప్రెస్సులో, అదే మ్యాప్లిథో మీద వాళ్లదే ఒక కథల పుస్తకం అచ్చవుతోంది. దాని చివరి ఫారంలో నాలుగు పేజీలు ఖాళీ ఉన్నాయి. వాటిలో నా నమూనాలు పెట్టించాను, కోసేటప్పుడు ఆ పేజీలు తీసేయమన్నాను. ఖర్చు దాదాపు లేదు. ఒకే పేజీలో మూడు బరువులు పక్కపక్కన పెట్టాను. తెర మీద నాకు నచ్చినది కాగితం మీద ఎక్కువైంది, దాని కంటే ఒక మెట్టు తక్కువది ఖాయం చేశాం.

ట్యూషన్ పిల్లలు మళ్లీ కూర్చున్నారు. ముగ్గురే కనుక దీన్ని పెద్ద పరీక్ష అనను. కానీ వేలు ఈసారి కాలమ్ అంచున జారుతూ ఆరోపాల మీదే ఆగింది. పన్నెండో మాట అయ్యేసరికి ఒక అబ్బాయి వేలు తీసేసి కళ్లతోనే వెతుకుతున్నాడు.

మొదట్లో విఫలమైన ఆ బొడోని జాతి అక్షరం ఇప్పుడు అట్ట మీద ఉంది, 60 పాయింట్లలో. సన్న గీతలు సన్నగానే, స్తంభాలు స్తంభాల్లానే, దుకాణంలో పది అడుగుల దూరం నుంచి పుస్తకం పేరు పలుకుతుంది. వెన్ను మీద మాత్రం అది వద్దని క్లారెండన్ పెట్టాం, ఎందుకంటే అక్కడ చోటు 14 పాయింట్లకే ఉంది.

మిగిలినవి

మళ్లీ చేయాల్సి వస్తే ముందు కాగితం, ప్రెస్సు అడుగుతాను, తర్వాతే ఫాంటు తెరుస్తాను. తెలుగు సగాన్ని ముందు పూర్తి చేస్తాను, ఇంగ్లీషు బోల్డ్ బరువును దాన్ని చూసి నిర్ణయిస్తాను. నేను చేసింది దీనికి సరిగ్గా ఎదురు. రెండు నెలలు వృథా కావడానికి సగం కారణం అదే.

సరికానిది కూడా ఒకటుంది. ముద్రణ చివర్లో వచ్చిన కొన్ని ప్రతుల్లో ఠ బొట్టు ఇంకా పూడుకుపోతోంది. ‘పాఠం’ దగ్గర తెలుస్తుంది. వచ్చే ముద్రణకు ఆ సున్నను ఇంకొంచెం వెడల్పు చేసి పంపాను.

పోయిన నెలలో ప్రచురణకర్త మళ్లీ ఫోను చేశారు. జేబులో పట్టే కూర్పు వేస్తారట, అవే ఫైళ్లను 6 పాయింట్లకు కుదించి ఇవ్వమన్నారు. కుదరదన్నాను. థ వత్తును మొదటి నుంచి మళ్లీ గీస్తున్నాను.